లెక్చరరు మెచ్చిన తలుపు

రాఘవేంద్రప్రసాద్ మెచ్చుకున్న వస్తువల్లా వారం తిరక్కుండా మాయమైపోతోంది.

డోన్‌లో నెమళ్ళు చెక్కిన టేకు తలుపు పోయింది. ఆత్మకూరులో రంగుటద్దాల కిటికీ పోయింది. బేతంచర్లలో ఇత్తడి గొలుసుల ఉయ్యాల పోయింది. మూడిళ్ళవాళ్ళూ పోలీసు కంప్లయింటులో ఆయన పేరే రాశారు. మూడూ అన్నదమ్ముల మధ్య పంపకాలు కాని ఇళ్ళు. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వాటాదార్లు రోజూ ఫోన్లు చేసి, మూడు కేసులూ చూస్తున్న ఎస్సై శిల్పను అన్నం కూడా తిననివ్వడం లేదు.

చరిత్ర లెక్చరరుగా రిటైరైన రాఘవేంద్రప్రసాద్‌కు లోకంలో ఒకటే పని. పాత మేడలు, సత్రాలు, బురుజులు కూలిపోకముందే వాటి కొలతలు తీసుకుని, ఫొటోలు తీసి, ఎవరు కట్టారో ఎప్పుడు కట్టారో రాసిపెట్టడం. పదకొండేళ్ళలో రెండువందల పైచిలుకు కట్టడాలను నోటుపుస్తకాల్లోకి ఎక్కించాడు. వాటిలో సగం ఇప్పుడు ఆ పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేవు.

శిల్ప ఆయన ఇల్లు సోదా చేయించింది. కొలిచే టేపులు, గొడుగు, బూజుకర్ర, బీరువా నిండా నోటుపుస్తకాలు దొరికాయి. తలుపు దొరకలేదు. ఆ ఇంటి స్నానాల గదికే సరైన తలుపు లేదని కానిస్టేబుల్ ఏసుకుమార్ వచ్చి చెప్పాడు.

స్టేషన్లో ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నన్ను చూస్తేనే జనం తలుపులేసుకుంటాండారమ్మా. ఇంకా శానా ఇండ్లు మిగిలిపోయినాయి. నేను రాయకపోతే వాటి పేరు చెప్పేవాళ్ళు కూడా ఉండరు."

శిల్పకు ఆ పెద్దాయన్ని చూస్తే దొంగ అనిపించలేదు. ఆ వస్తువులు విలువైనవని ఇంకెవరికి చెప్పారని అడిగింది. ఇంటివాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పలేదన్నాడు. వాళ్ళింట్లో కూర్చుని, వాళ్ళిచ్చిన కాఫీ తాగుతూ చెప్పాడట. పుస్తకం ఇంకా అచ్చుకే పోలేదు.

అయితే ఎవరో ఈయన వెనకాలే తిరుగుతూ, కిటికీ పక్కన నక్కి వింటున్నారు. పాత సామాన్ల ముఠా అయ్యుంటుంది. వల వేస్తే దొరుకుతారు. వల వెయ్యడానికి నమ్మకమైన ఇల్లొకటి కావాలి. శిల్పకు బనగానపల్లెలోని తన పుట్టిల్లు గుర్తొచ్చింది.

వాళ్ళ నాయన ఓబులేసు, అంగట్లో చిల్లర ఎక్కువిస్తే ఎండలో వెనక్కి నడిచిపోయి ఇచ్చొచ్చే మనిషి. తల్లి కృష్ణవేణమ్మ అంతకన్నా ఎక్కువ. వాళ్ళకు ముందే చెబితే కంగారుపడి అందరికీ తెలిసేట్టు చేస్తారని, ఏమీ చెప్పకుండానే లెక్చరర్ని పంపాలనుకుంది. మామిడికాయలు మాగబెట్టే గదికి ఎప్పుడో మూతపడిన పత్తి మిల్లు నుంచి తెచ్చి బిగించిన తలుపొకటి ఉంది. దాన్ని పొగిడితే చాలు. పోయినా నష్టం లేదు.

రాఘవేంద్రప్రసాద్ ముఖం మాడ్చుకున్నాడు.

"ముప్పైనాలుగేండ్లు పాఠం చెప్పినా. ఒక్క తేదీ తప్పు చెప్పలేదు. ఇప్పుడు తలుపు గురించి అబద్ధం ఆడమంటావా?"

"ఈ ఒక్క తలుపుకే సార్. మిగిలిన ఇండ్ల కోసం."

ఆడనంటూనే పోయాడు గానీ, మొదలుపెట్టాక బ్రహ్మాండంగా ఆడాడు. ఊడిపోయిన మేకుల బొక్కల్లో వేలు పెట్టి, ఇవి పాళెగాళ్ళ కాలంనాటి తుపాకీ గుండ్ల గుర్తులన్నాడు. ఇట్లాంటి తలుపు సీమ మొత్తం గాలించినా ఇంకొకటి లేదన్నాడు. వెల కట్టలేమన్నాడు. ఆఖరికి కళ్ళు కూడా తుడుచుకున్నాడు. ఓబులేసు నోరు తెరుచుకుని విన్నాడు. కృష్ణవేణమ్మ రెండో కాఫీ ఇచ్చింది.

ఆ రోజు నుంచే ఎదురుగా ఏసుకుమార్ లుంగీ కట్టుకుని మామిడిపండ్ల బండి పెట్టాడు. మొదటిరోజు ఆ ఇంటికి పాలాయన వచ్చిపోయాడు. రెండోరోజు కరెంటు బిల్లు కొట్టే మనిషి వచ్చిపోయాడు. అంతే. బేరమాడటం చేతగాక ఏసుకుమార్ అడిగిన రేటుకల్లా ఇచ్చేస్తుంటే, పండ్లు మాత్రం రెండుసార్లు తెప్పించాల్సి వచ్చింది.

మూడోరోజు పొద్దున శిల్ప స్టేషన్‌కు వచ్చేసరికి రాఘవేంద్రప్రసాద్ అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆరింటి నుంచీ అక్కడే ఉన్నాడని సెంట్రీ చెప్పాడు. ఆమె ఆయనకు టీ తెప్పించింది. ఆయన సగం గ్లాసు తాగేలోపే ఆమె ఫోను మోగింది.

"పాపా, మన తలుపు పోయినాది," అన్నాడు ఓబులేసు. "ఇప్పుడే, మేం తోటకాడికి పోయొచ్చే లోపల ఎత్తకపోయినారు. ఆ లెక్చరరు పనే. కేసు రాసుకో. ఇంట్లో మీ చిన్నాయనకూ వాటా ఉండాది గదా, అడిగితే నువ్వే చెప్పాల."

శిల్ప ఎదురుగా కూర్చున్న ముసలాయన వైపు చూసింది. ఆయన మీద పడిన మచ్చ పోయిందని, ఇక ఏ ఇంటికైనా తలెత్తుకుని పోవచ్చని చెప్పింది. ఆయన టీ గ్లాసు కింద పెట్టి తల ఊపాడు.

ఆమె వెంటనే ఏసుకుమార్‌కు ఫోను కలిపింది.

"దొంగ లోపలికి పోతాంటే నువ్వేం చేస్తాండావు?"

"లోపలికి ఎవరూ పోలేదు మేడం," ఏసుకుమార్ గొంతు తగ్గించాడు. "వాకిట్లో పాత సామాన్ల ఆటో నిలబడి ఉండాది. తలుపు ఇప్పుడే బయటికొస్తాండాది. ఒక కొస మీ నాయన పట్టుకున్నాడు, ఇంకో కొస మీ అమ్మ పట్టుకునింది. నన్ను ఎవర్ని పట్టుకోమంటారు?"