హోల్ స్క్వేర్ కేకు

"పుట్టినరోజు కేకు మీద కూడా లెక్కలేనా నాయనా? ఆయన తలెత్తి చూస్తే ఒట్టు!" అంది మాస్టారి భార్య, కేకు మీద ఫార్ములా రాసి తెచ్చానన్న పాత శిష్యుడితో. రిటైరై బడిలో గణితం చెప్పడం పోయాక, మాస్టారి నోట ఇంట్లో గొణుగుడు కూడా పోయింది. ఆయన తిట్లకు ఆవిడ మొహం వాచిపోయి ఉంది.

శిష్యుడు మాస్టారి ముందు పెట్టె మూత తీశాడు. క్రీముతో రాసి ఉంది: ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఈజీక్వల్టు ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్.

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నారు.

"మధ్యలో టూ ఎబిని ఏ మేక మేసిందిరా, దున్నపోతా!"

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. "ఆయన నోరు తెరిపించడానికి ఎంత తెలివిగా తప్పు రాశావయ్యా!"

శిష్యుడు బుర్ర గోక్కున్నాడు. "తప్పా అమ్మగారూ? కరెక్టనే రాశానే!"

మాస్టారు చెంచా అందుకుని క్రీము మొత్తం చెరిపేశారు.

"కూర్చో వెధవా. మళ్లీ మొదట్నుంచీ చెబుతాను."