షిరాజ్ దానిమ్మ

ఆదివారం సాయంత్రం షిరాజ్ మనిషి వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి సీతారామయ్యకు అన్నం సయించడం లేదు.

నాచారం కాలనీలో షిరాజ్ పేరు తెలియనివాళ్లు లేరు. అదంతా సీతారామయ్య చలవే. ఇరాన్‌లో ఫార్స్ అనే రాష్ట్రం ఉందనీ, షిరాజ్ దాని ముఖ్యపట్టణమనీ, అక్కడ ఎరువుల ఫ్యాక్టరీ కట్టేటప్పుడు రెండేళ్లు ఫిట్టర్‌గా పనిచేసి వచ్చాననీ పదకొండేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. తఖ్తే జంషీద్ అనే పాత రాజుల కోటలో మెట్లు గుర్రాలు కూడా ఎక్కేంత పొట్టివట. రంగు అద్దాల మసీదులో పొద్దున్నే నిలబడితే తెల్లచొక్కా కాస్తా హోలీ చొక్కా అయిపోతుందట. ఊళ్లో ఒక మహాకవి సమాధి ఉందట. దాని వెనక దానిమ్మ చెట్టు. పండు కోయకూడదు, రాలిందే తినాలి.

ఆయన చెబుతుంటే భార్య సత్యవేణి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ వినేది. ఎన్నిసార్లు విన్నా, చివర్లో "ఆ దానిమ్మ చెట్టు సంగతి చెప్పండి" అని అందించేది.

పోయిన వారం గ్రంథాలయంలో పక్కింటి పాండురంగ అడగనే అడిగాడు. రైల్వేలో గార్డు. మొహం మీద నవ్వు చెరగనివ్వకుండానే అడిగాడు.

"మస్తు జెప్తవ్ మామా. రెండేండ్లున్నవ్ గదా, ఒక్క ఫోటో లేదేంది?"

నలుగురూ నవ్వారు. గ్రంథాలయ కార్యదర్శి గోపాలరావుకు మాత్రం ఒళ్లు మండింది. రెండ్రోజుల్లో తిరుగులేని ఏర్పాటు చేశాడు. హబ్సిగూడలో కొత్తగా తెరిచిన ఇరానీ హోటల్ పైగదిలో షిరాజ్ ఆయనే ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారట. చీటీ రాసి పంపితే వస్తానన్నాడట. కాలనీ అందరి ముందూ సీతారామయ్య చెప్పాలి, ఆయన విని ఔనో కాదో తేల్చాలి.

ఔనో కాదో సీతారామయ్యకు ముందే తెలుసు.

షిరాజ్‌లో ఆయన ఏమీ చూడలేదు. మొదటి శుక్రవారం సెలవుకి అందరూ బస్సులో తఖ్తే జంషీద్ బయలుదేరారు. అరగంట తిరక్కుండా ఈయన సూపర్‌వైజర్ ఒళ్లో వాంతి చేసుకున్నాడు. బస్సంతా పగలబడి నవ్వింది. మధ్యదారిలో దిగి లారీ పట్టుకుని వెనక్కి వచ్చాడు. ఆ తర్వాత మళ్లీ ఏ శుక్రవారమూ బస్సెక్కలేదు. రేకుల షెడ్డులో బట్టలుతుక్కున్నాడు. రాత్రి తిరిగొచ్చినవాళ్లు చెప్పుకున్నది మంచం మీద పడుకుని విన్నాడు.

ఇంటికొచ్చాక "ఏమేం చూశారు?" అని సత్యవేణి ఆశగా అడిగింది. ఏమీ చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది. విన్నవన్నీ చూసినట్టు చెప్పాడు. దానిమ్మ చెట్టు మాత్రం విన్నది కూడా కాదు. ఆమె మొహం చూసి అప్పటికప్పుడు మొలిపించాడు.

ఆదివారం రానే వచ్చింది. షిరాజ్ ఆయన కోటు తొడుక్కుని గ్రంథాలయంలో ముందు వరుసలో కూర్చున్నాడు. తెలుగు రాదట, కొంచెం ఉర్దూ వచ్చట. సీతారామయ్య చెప్పాడు. గోపాలరావు ఉర్దూలోకి మార్చాడు. మెట్లకు ఆయన తలూపాడు. మసీదుకు తలూపాడు. దానిమ్మ చెట్టు వదిలేసి కూర్చోబోతుంటే ఆడవాళ్ల వైపు నుంచి సత్యవేణి గుర్తు చేసింది. ఇక తప్పలేదు.

షిరాజ్ ఆయన లేచి నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆ చెట్టు కింద రాలిన పండు తాను కూడా తిన్నానని ఉర్దూలో చెప్పాడు.

చప్పట్లు మోగాయి. పాండురంగ వచ్చి సీతారామయ్య చేతులు పట్టుకున్నాడు.

"మాఫ్ జెయ్ మామా. తప్పయింది."

సీతారామయ్యకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తన పరువు కోసం పరాయి దేశపు మనిషి లేని చెట్టు పండు తిన్నానని అబద్ధమాడాడు. పాండురంగ లాంటి నిజాయితీపరుడు తనకు క్షమాపణ చెప్పాడు. ఆ రాత్రంతా మొహం గోడవైపు తిప్పుకునే పడుకున్నాడు.

పొద్దున్నే చొక్కా వేసుకున్నాడు. ఆ షిరాజ్ ఆయన దగ్గరైనా నిజం ఒప్పేసుకోవాలి. హబ్సిగూడలో పనుందని మాత్రం ఇంట్లో చెప్పాడు. సత్యవేణి ఎప్పటిలాగే ఒక నిమ్మకాయ తెచ్చి జేబులో పెట్టింది. దాహమేస్తే పనికొస్తుందంటుంది. ఆయన తలెత్తి ఆమెను చూడలేకపోయాడు.

నిమ్మకాయ వాసన చూసుకుంటూ బస్సులో కూర్చుని ఎలాగో హబ్సిగూడలో దిగాడు.

హోటల్ గల్లా దగ్గర షిరాజ్ ఆయనే కూర్చుని ఉన్నాడు. కోటు లేదు. "ఏ నర్సింగ్, గా మూడో టేబుల్‌కు రెండు చాయ్ గొట్టు" అంటున్నాడు.

సీతారామయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. గల్లా ఆయన చూశాడు. గబగబా లేచి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమనుకోకు సార్. మా తాతది షిరాజ్. నేను చిక్కడపల్లిల పుట్టిన. ఇరాన్ మొఖమే సూడలే."

సీతారామయ్య చెవులు వేడెక్కాయి. ఇది పాండురంగ ఆడించిన ఆటే అనుకున్నాడు. ఇప్పుడు కాలనీ అంతా నవ్వుకుంటూ ఉంటుంది.

"మరి ఆ దానిమ్మ పండు?" అన్నాడు.

"మీ ఇంటమ్మ వచ్చి చెప్పిపోయింది సార్, మా ఆయన హబ్సిగూడ దాక బస్సెక్కాలన్నా జేబుల నిమ్మకాయ బెట్టి పంపాలె, గవన్నీ యాడ సూసుంటడు, నువ్వు అన్నిటికీ తలూపు, దానిమ్మ చెట్టు కాడ మాత్రం పండు తిన్ననని చెప్పు, అని."