అడుగు తగలని జట్టు

"వీళ్ళు ఈదడం లేదు. అడుగున నిలబడి ఆడుతున్నారు" అంది హంగేరీ కెప్టెన్ రొప్పుతూ.

ఆమె ఇంగ్లీషులోనే అన్నా, చెరువు గట్టు మీద కూర్చున్న నాగాయలంక మొత్తానికీ అర్థమైంది. రెఫరీ వెంకటసుబ్రహ్మణ్యం ఈల వేసి ఆట ఆపేశాడు. అంతర్జాతీయ మహిళల వాటర్ పోలో ఫైనల్లో ఇది చిన్న ఫిర్యాదు కాదు. నీళ్ళలో తేలుతూనే బంతిని గోల్లో వెయ్యాలి. కాలు అడుగుకి తగిలిందని రుజువైతే కప్పు అవతలివాళ్ళదే.

ఫైనల్ కోసం తవ్వించిన కొలనులో నీళ్ళు నిలవకపోవడంతో ఆటని శోభనాద్రి గారి చేపల చెరువుకి మార్చారు. చెరువు నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. అడుగున ఏం జరుగుతోందో చేపలకి తెలియాలి.

గట్టు మీద మన జట్టు కోచ్ బాలసరస్వతి టీచరుకి బెంగ పట్టుకుంది. ఆవిడ బెంగ కప్పు గురించి కాదు. టోర్నమెంటు చైర్మన్, గుడివాడ రైసుమిల్లు యజమాని జీవన్ కుమార్ పొద్దున్నే మైకులో మాటిచ్చాడు. మన జట్టు గెలిస్తే చెరువు పక్క స్థలంలో ఊళ్ళో ఆడపిల్లలకి ఈతకొలను కట్టిస్తాడు. ఓడితే అదే స్థలంలో కల్యాణమండపం కట్టిస్తాడు. ఆయన మనసు మండపం మీదే ఉందని ముఖం చూస్తేనే తెలిసిపోతోంది. ఈ ఊళ్ళో మగపిల్లలంతా కాలవలో దూకి ఈత నేర్చుకున్నవాళ్ళే. ఆడపిల్లల్ని మాత్రం వాళ్ళ చొక్కాలకి కాపలా కూర్చోబెట్టారు. ఆ సంగతి తల్చుకుంటే టీచరుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెఫరీ దోనె ఎక్కి మన కెప్టెన్ ఝాన్సీ దగ్గరికి వెళ్ళాడు.

"ఏమ్మా, నీ కాళ్ళు ఎక్కడున్నాయి?"

"నా దగ్గరే ఉన్నాయండి."

"అడుగుకి తగులుతున్నాయా అని."

"అమ్మతోడు, తగల్లేదండి."

"ఈ నీళ్ళలో నాకేం కనపడి చావట్లేదు. ఏదీ, కాలు పైకెత్తు."

ఝాన్సీ ఒక కాలు ఎత్తింది. పట్టీ తళుక్కుమంది. బురద చుక్కైనా లేదు.

"రెండోదాని మీద నిలబడ్డావేమో. రెండూ ఒకేసారి ఎత్తు."

ఝాన్సీ రెండూ ఎత్తింది. చేతులు రెండూ బంతి మీదే ఉన్నాయి. అయినా మనిషి మునగలేదు. పీట మీద కూర్చున్నంత నిబ్బరంగా ఉంది.

రెఫరీ కళ్ళజోడు తుడుచుకుని గోల్ కీపర్‌తో సహా ఏడుగురి చేతా కాళ్ళెత్తించాడు. పద్నాలుగు పాదాలూ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. హంగేరీ కెప్టెన్ తనూ అలాగే రెండు కాళ్ళూ ఎత్తబోయి బుడుంగున మునిగింది.

"సరే. మరి నీళ్ళ మీద తేలే ఈ గుర్రపుడెక్క ఆకుల సంగతేంటి? మనిషికో గుబురుంది. మీరెటు వెళ్తే అది అటే వస్తోంది."

"అది మా యూనిఫాం అండీ" అని గట్టు మీంచి అందుకుంది టీచరు. "డెల్టా జట్టు కదా."

రెఫరీ రూల్సు పుస్తకం తిరగేశాడు. గుర్రపుడెక్క గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆట సాగించమని ఈల వేశాడు.

అప్పుడే ఝాన్సీ నాయనమ్మ నాంచారమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. ఊళ్ళో టీ కొట్లన్నిటికీ పాలు పోసేది ఆవిడే.

"టీచరమ్మా, ఇంకెంతసేపు? పాలవేళయిపోతంది."

"ఇంకాసేపే పిన్నిగారూ. మీకు దణ్ణం పెడతాను, కాస్త ఓర్చుకోండి."

నాంచారమ్మ గొణుక్కుంటూ ఇంటి వైపు వెళ్ళింది.

హంగేరీ వాళ్ళు చేపల్లా ఈదుతున్నారు గానీ, అలిసిపోయి ఆయాసపడుతున్నారు. మన పిల్లలకి ఆ తొందరేమీ లేదు. ఊరేగింపుకి బయల్దేరినట్టు మెల్లగా కదులుతున్నారు. అయితే భుజాలు నీళ్ళకి పైనే ఉన్నాయి, చేతులు ఖాళీగా ఉన్నాయి. చివర్లో ఝాన్సీ అంతెత్తు నుంచి బంతి విసిరింది. వల చిరిగింది. మన జట్టు గెలిచింది. టీచరు కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది.

"ఎందుకైనా మంచిది, ఇంకోసారి చూసుకోండి సార్" అన్నాడు చైర్మన్ నీరసంగా.

"చూశానండీ. కాలూ చెయ్యీ ఆడించకుండా తేలారు. నా సర్వీసులో ఇలాంటి ఈత చూళ్ళేదు. కావాలంటే రాసిస్తాను."

చైర్మన్‌కి దారి లేకపోయింది. పక్క స్థలంలో కొబ్బరికాయ కొట్టి, ఈతకొలను ఖాయమని మైకులో చెప్పేశాడు.

"రండమ్మా, వచ్చి కప్పు తీసుకోండి" అన్నాడు.

ఏడుగురిలో ఒక్కరూ కదల్లేదు.

"మీరు భోంచేసి రండి సార్. మేం ఇక్కడే ఉంటాం" అంది ఝాన్సీ.

"నీళ్ళల్లోనా?"

"అలవాటైపోయిందండి."

హంగేరీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఫోటోలవాళ్ళు గట్టు చివరి దాకా వచ్చి నిలబడ్డారు. ఎవ్వరూ భోజనానికి కదిలేలా లేరు. టీచరు దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కుకుంటోంది.

ఇంతలో ఇంటి వైపు నుంచి నాంచారమ్మ కేకలు వినిపించాయి. "మీ కప్పులు తర్వాత తీరిగ్గా పంచుకోండి. నా దూడలు ఆకలికి చచ్చిపోతన్నాయి." ఆవిడ విప్పిన దూడలు అరుచుకుంటూ గట్టు మీదికి పరిగెత్తుకొచ్చాయి.

చెరువులో ఏడుగురూ ఒక్కసారిగా ఇటు తిరిగారు. చేతులు కదపలేదు, కాళ్ళు ఆడించలేదు. "ఆగవే, ఆగు" అని ఝాన్సీ ఎవరినో బతిమాలుతోంది. నీళ్ళలోంచి ముందు నడుములు లేచాయి, తర్వాత మోకాళ్ళు, తర్వాత పట్టీల పాదాలు, ఆ పాదాల మధ్య, నెత్తిన గుర్రపుడెక్కతో, ఏడు గేదెలూ గట్టెక్కాయి.