వేలిముద్ర తలుపు

మా కుట్టు ఫ్యాక్టరీలో బాత్రూం తలుపు వేలిముద్ర వేస్తేనే తెరుచుకుంటుంది. ఎవరు ఎన్నిసార్లు వెళ్ళొచ్చారో చూసుకోవడానికి మేనేజర్‌కి ఒక టై, ఒక ఏసీ గది.

ఇవాళ నన్ను పిలిచి కంప్యూటర్ నావైపు తిప్పాడు. "పోయిన నెల రోజుకి రెండుసార్లు. ఈ నెల ఏడుసార్లు. ఏంటమ్మా సంగతి?"

"ఎండలు కదా సార్. నీళ్ళు ఎక్కువ తాగుతున్నా."

పళ్ళికిలించాడు. "ఇంతకుముందు ముగ్గురికి ఇలాగే పెరిగింది. ముగ్గురూ కడుపుతో ఉన్నామని సెలవడిగారు. నువ్వూ అడిగేదాకా ఆగే ఓపిక నాకు లేదు. రేపట్నుంచి రాకు."

ఎప్పుడో మానేసిన అలవాటు, అక్కడే నిలబడి వేళ్ళమీద రోజులు లెక్కపెట్టుకున్నాను. వెధవ చెప్పింది నిజమే.

పెళ్ళై తొమ్మిదేళ్ళు. తిరగని ఆసుపత్రి లేదు. ఇంకెవరూ దొరకనట్టు, ఆ కబురు ఈ దరిద్రుడి నోట వినాల్సొచ్చింది.