కనకయ్య చేతిలో నిమ్మకాయ

"నిమ్మకాయ తెచ్చినవారా! నా పలకకే మంత్రాలు పెడ్తున్నవా?"

వడ్రంగి బ్రహ్మచారి అరుపుకు లింబాయత్ సందులోని మగ్గాల వాళ్ళు కూడా పని ఆపి బయటికి వచ్చారు. షెడ్డు మధ్యలో ఓక్ చెక్కతో చేసిన ఊయల బల్ల ఉంది. దాని మీద సిరా ఒలికినట్టు నల్లటి మరకలు. ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, కోసిన నిమ్మకాయతో ఆ మరకల్ని రుద్దుతూ అతని దగ్గర పాలిష్ పనిచేసే కనకయ్య పట్టుబడ్డాడు.

"మంత్రం కాదన్నా. నిమ్మకాయతోని రుద్దితే మరక పోతదని..."

"పెట్టినోనివీ నువ్వే, తుడిచేటోనివీ నువ్వేనా? ఉధ్నా దుకాణపోడు ఎంతిచ్చిండ్రా నా బల్ల ఖరాబు చెయ్యనీకి?"

ఉధ్నాలో ఒక ఫర్నిచర్ దుకాణం వాళ్ళు కనకయ్యను పాలిష్ పనికి పిలుస్తున్న మాట నిజమే. వెళ్ళనని చెప్పింది కూడా కనకయ్యే. కానీ కోపం వచ్చినవాడికి సగం నిజమే సరిపోతుంది.

ఆ ఊయల మామూలు ఊయల కాదు. తాపీ నది వరదలో కతర్‌గామ్ వజ్రాల సేటు ఇంట్లో తాతల నాటి ఊయల ఉబ్బి పగిలిపోయింది. ఆ సేటు పట్టుబట్టి విదేశాల నుంచి ఓక్ చెక్క తెప్పించి, బ్రహ్మచారి చేతిలో పెట్టాడు. జీవితమంతా టేకు చెక్కిన బ్రహ్మచారికి ఓక్ పట్టడం ఇదే మొదలు. ఇది కుదిరితే సేటు చుట్టాల ఇళ్ళన్నీ తనవే. చెడితే ముక్కూ చెవులూ తెగినట్టే.

అసలు నిన్న సాయంత్రమే ఇద్దరికీ చెడింది. తండ్రి ఇచ్చిపోయిన ఉలి, బాడిస బ్రహ్మచారికి దేవుళ్ళు. పని దిగాక వాటిని కడిగి, బొట్టు పెట్టి, పసుపు నీళ్ళు చల్లి, ఆనాడు చెక్కిన పలక మీదే పడుకోబెట్టి ఇంటికి వెళ్ళడం వాళ్ళ వంశాచారం. ఈ ఊయల పని మొదలైనప్పటి నుంచి పొద్దున వచ్చేసరికి అవి గూట్లో ఉంటున్నాయి. నిన్న మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వస్తే, కనకయ్య వాటిని ఎత్తుతూ కనిపించాడు.

"మగ్గం మీదికెల్లి వచ్చినోనివి, నా నాయిన ఉలిని ముడ్తవా? దేవుణ్ణి పీట మీదికెల్లి దించుతవా?" అని నిన్న నలుగురిలో కడిగేసి, వాటిని మళ్ళీ పలక మీద పెట్టించాడు. కనకయ్య ఏదో చెప్పబోతే విననే లేదు.

తెల్లవారేసరికి ఈ మరకలు. పనిముట్లు మళ్ళీ గూట్లో. ఇంక వేరే సాక్ష్యం దేనికి?

"నిన్న తిట్టిన్నని పగ పట్టినవు. ఉప్పు తిన్న ఇంటికే నిప్పు పెట్టినవు గదరా!"

"అన్నా, మా అమ్మతోడు, నేను జెయ్యలే."

గొడవ విని బ్రహ్మచారి భార్య సారక్క పరుగున వచ్చింది. "ఏందయ్యా, ఇన్నేండ్ల సంది మన ఎంట ఉన్నోడు. ఏం జెప్తడో ఒక్క మాట ఇనరాదు?"

"నువ్వు ఇంట్లకు నడువు! ఈడు చెప్పేదేంది, నేను ఇనేదేంది?"

కనకయ్య నిమ్మచెక్క కింద పెట్టి లేచాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా గొంతు తగ్గించే మాట్లాడాడు. "పోతనన్నా. ఒక్కటే మాట. పొద్దుగూకినంక ఆ పలక మీద..."

"నోరు ముయ్! తాళంచెవి ఆడ పడేసి పో!"

తాళంచెవి గూట్లో పెట్టి కనకయ్య వెళ్ళిపోయాడు. బ్రహ్మచారి కోపం అక్కడితో ఆగితే బాగుండేది. ఉధ్నా దుకాణానికి ఫోన్ చేసి, వాడు చేతబడి చేస్తాడు, గడప తొక్కనివ్వకండి అన్నాడు. బమ్రోలిలో కనకయ్య అద్దెకుంటున్న ఇంటి యజమానికీ అదే చెప్పాడు. చేతబడి అన్న మాటకు కాళ్ళుండవు, రెక్కలుంటాయి. చీకటి పడకముందే ఆ యజమాని గది ఖాళీ చేయించాడు. కనకయ్య పెళ్ళాం పిల్లల్ని, మూటల్ని వెంటేసుకుని ఊరి రైలెక్కాడని సారక్క ఏడుస్తూ వచ్చి చెప్పింది.

"పోనీ. పీడ పోయింది" అన్నాడు బ్రహ్మచారి.

అప్పటికి అతను చిత్రిక పట్టి మరకలన్నీ లేపేశాడు. బల్ల మళ్ళీ తేనె రంగులో మెరుస్తోంది. ఇంకో పొర తీస్తే మాత్రం పలచబడిపోతుంది, సేటు ఒప్పుకోడు. తెల్లవారితే సేటు వచ్చి చూస్తాడు.

"ఇగ నా బల్లను ఎవ్వడు ముడ్తడో చూస్త" అని పళ్ళు కొరుకుతూ తలుపుకు కొత్త తాళం కొన్నాడు. దిష్టి పోవాలని ఆ సాయంత్రం పనిముట్లను రెండింతలు భక్తిగా కడిగాడు. పసుపు నీళ్ళు ధారాళంగా చల్లాడు. వాటిని ఊయల బల్ల నడిమధ్యన పడుకోబెట్టి, దండం పెట్టి తాళం వేశాడు. ఎందుకైనా మంచిదని తలుపుకు అడ్డంగా మంచం వేసుకుని పడుకున్నాడు.

పొద్దున తాళం వేసినట్టే ఉంది. లోపలికి మరో మనిషి వచ్చిన జాడ లేదు. బ్రహ్మచారి తృప్తిగా మీసం దువ్వుకున్నాడు. బయట సేటు కారు ఆగిన చప్పుడైంది. సేటు లోపలికి వచ్చేలోగా పనిముట్లు తీసేద్దామని బల్ల దగ్గరికి వెళ్ళి, తండ్రి ఉలిని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

బల్ల మీద, తడి ఇనుము ఆనినంత మేర, ఉలి ఆకారంలోనే నల్లటి మరక ఉంది.