కొంగ కాలి తడి

ఆ అడవిలో వాగు దాటాలంటే అందరూ ముందు కొంగ కాలు చూసేవారు. రోజూ పొద్దున్నే అది వాగు నడిమధ్యదాకా నడిచి వచ్చి, కాలి మీద తడి ఎంతవరకు ఉందో చూపించేది. తడి మోకాలు దాటకపోతేనే పిల్లలను నీళ్లలోకి దింపేవారు.

ఒక చలి పొద్దున కొంగకు దిగబుద్ధి కాలేదు. ఒడ్డునే నిలబడి, ముక్కుతో మోకాలిదాకా నీళ్లు చల్లుకుని చూపించింది. అది నమ్మి లేడి తన కూనను దింపింది. కొండ మీద కురిసిన వానకు వాగు అప్పటికే పొంగి ఉంది. కూన కొట్టుకుపోయి, రాళ్ల మధ్య చిక్కుకుని, కాలు విరిగినా బతికింది.

సాయంత్రం కొంగ అందరినీ పిలిచి గొంతు సవరించుకుంది. "కొలతలో పొరపాటు దొర్లింది. ఎవరికైనా బాధ కలిగి ఉంటే విచారిస్తున్నాను."

"నేనుండేది వాగు అడుగున," అంది ముసలి తాబేలు. "పొద్దున నీ కాలు అక్కడికి రానేలేదు."

"చలి ఎక్కువగా ఉంది తాతా..."

"చలి వచ్చి తడిపిందా నీ కాలు?"

కొంగ మెడ వాలిపోయింది. "కాదు. నేనే నీళ్లు చల్లుకున్నాను."

అప్పటిదాకా కూన కాలు నాకుతున్న లేడి తలెత్తింది. "ఇవాళ ఒక్కరోజేనా?"

అవునందామని కొంగ ముక్కు తెరిచింది. కూన దాన్నే చూస్తోంది.

"ఈ చలికాలంలో ఇది నాలుగోసారి," అంది కొంగ.

మర్నాడు కొంగ నిజంగానే నడిమధ్యదాకా వెళ్లి వచ్చి, వణుకుతూ కాలు చాపి నిలబడింది. ఎవరూ అటు చూడలేదు. లేడి తన కాలితోనే లోతు చూసుకుంటూ వాగులోకి దిగుతోంది.