తప్పులేని చీటీలు

తనిఖీకి వచ్చిన అధికారిణి ఏడాది మందుల చీటీల నకళ్లన్నీ తిరగేసింది. నాన్న డాక్టరు, ఆయన దగ్గర నేనే నర్సుని.

"ఒక్క మోతాదైనా తప్పు లేదండీ డాక్టరుగారూ! ఎవరో గిట్టనివాళ్లు ఫిర్యాదు చేసుంటారు," అంటూ ఆమె సంతకం చేసేసింది.

"పోనీలెండమ్మా. ఓర్వలేనివాళ్లు ఎక్కడైనా ఉంటారు," అని నాన్న నవ్వాడు.

ఆమె అటు వెళ్లగానే, ఆరునెలల పాపకి జ్వరమంటూ ఒక తల్లి వచ్చింది. నాన్న రాసిన చీటీలో పెద్దవాళ్ల మోతాదుంది. రోజూలాగే లోపలికెళ్లి దాన్ని చించేసి, ఆయన దస్తూరీలోనే సరిచేసి రాసి, నకలు దాచి, చీటీ ఆమెకిచ్చాను.

నాన్నకి మొహంమీద చెప్పలేక, పోయిన నెల పేరు లేకుండా ఆ ఫిర్యాదు రాసింది కూడా ఈ చేత్తోనే.